నదిని గణించే విద్య

పాఠ్య ప్రవేశం

ఇంజనీరింగు విద్యలో నేడు కంప్యూటరు ప్రయోగశాలతో సమానమైన స్థానాన్ని పొందింది. వంతెనను కట్టక ముందే దాని మీద లారీలు నడుస్తాయి. విమానం ఎగరక ముందే దాని రెక్కలకు గాలి తాకుతుంది. జలాశయం నిండక ముందే దాని కట్ట మీద నీటి ఒత్తిడి ఎంతో తెలుస్తుంది. ఇదంతా అంకెల లోకంలో జరిగే వ్యవహారం. ఒక వస్తువు లేదా ఒక సంఘటన నడవడిని సమీకరణాలుగా, ఆ సమీకరణాలను అంకెలుగా మార్చడాన్ని సంఖ్యా నమూనా నిర్మాణం అంటారు. ఆ నమూనాను కంప్యూటరు మీద నడిపించి, కాలక్రమంలో ఏమి జరుగుతుందో చూడడాన్ని అనుకరణ అంటారు. వాడుకలో దీనినే సిమ్యులేషన్ అంటున్నాం. కర్నూలు జిల్లా పడమటి భాగమైన ఆదోని, యెమ్మిగనూరు పరిసరాలను ఆధారంగా చేసుకొని, ఈ విద్య స్వరూపాన్నీ, దానిని నేర్చుకొనే క్రమాన్నీ, అందులో పొంచి ఉన్న ప్రమాదాలనూ పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

కరవు సీమకు వచ్చిన వరద

ఆదోని అనగానే పత్తి విపణి, యెమ్మిగనూరు అనగానే చేనేత మగ్గం గుర్తుకు వస్తాయి. ఇది నల్లరేగడి నేలల ప్రాంతం. మబ్బు కోసం ఆకాశం వైపు చూడడం ఇక్కడి రైతుకు తరతరాల అలవాటు. హోస్పేట వద్ద 1953లో పూర్తయిన తుంగభద్ర జలాశయం నుండి వచ్చే దిగువ కాలువ ఈ సీమకు ఆధారం. రైతులు దానిని ఎల్లెల్సీ అని ఆత్మీయంగా పిలుచుకుంటారు. కాలువకు నీరు ఎప్పుడు వదులుతారు, చివరి పొలానికి చేరుతుందా, చేరదా అన్న ప్రశ్న చుట్టూనే ఇక్కడి జీవితం తిరుగుతుంది.

అటువంటి సీమలో 2009లో ఒక విచిత్రం జరిగింది. ఆ ఏడు దేశమంతటా నైరుతి రుతుపవనాలు ముఖం చాటేశాయి. సెప్టెంబరు నెలాఖరు వరకు కరవు గురించే మాట్లాడుకున్న జనం, అక్టోబరు మొదటి వారంలో ఇళ్ల కప్పుల మీదికి ఎక్కవలసి వచ్చింది. ఎగువన కర్ణాటకలోనూ, కర్నూలు జిల్లాలోనూ ఎడతెరిపి లేకుండా కురిసిన వానలకు తుంగభద్ర పొంగింది. యెమ్మిగనూరుకు దగ్గరలో ఉన్న మంత్రాలయం జలమయమైంది. అక్టోబరు 2న కర్నూలు నగరం మునిగింది. తుంగభద్రలో హంద్రీ నది కలిసే చోటు ఆ నగరమే కావడం గమనింపదగిన విషయం.

ఆ వరద ఎంతటిదో అంకెలలో చూద్దాం. దిగువన కృష్ణానది మీద ఉన్న శ్రీశైలం జలాశయానికి ఒక దశలో సెకనుకు సుమారు 25 లక్షల ఘనపుటడుగుల నీరు, అంటే 25 లక్షల క్యూసెక్కులు వచ్చింది. ఆనకట్ట గేట్ల ద్వారా వదలడానికి మొదట నిర్ణయించిన గరిష్ఠ ప్రవాహం సుమారు 13 లక్షల క్యూసెక్కులు మాత్రమే. జలాశయం పూర్తి మట్టం 885 అడుగులు కాగా, నీరు 896 అడుగుల వరకు లేచింది. ఆనకట్ట నిలిచింది. కాని ఆ రాత్రులలో ఇంజనీర్లను వేధించిన ప్రశ్న ఒక్కటే: ఈ నీరు ఏ గంటకు ఎక్కడికి చేరుతుంది?

ఈ ప్రశ్నకు సమాధానం ముందుగా తెలిస్తే ఊళ్లు ఖాళీ చేయించవచ్చు. ఆలస్యంగా తెలిస్తే ఆ సమాధానం చరిత్ర పుస్తకానికి మాత్రమే పనికివస్తుంది. సంఖ్యా నమూనాల విద్యకు ఉన్న అసలు విలువ ఇక్కడ కనిపిస్తుంది.

నమూనాకు పునాది

ఎంతటి పెద్ద వరద నమూనాకైనా మూలసూత్రం ఇంటి ఖర్చుల పద్దు వంటిదే. వచ్చిన నీటి నుండి పోయిన నీటిని తీసివేస్తే మిగిలేది నిల్వలోని మార్పు. ఒక క్యూసెక్కు ప్రవాహం ఒక రోజంతా సాగితే 86,400 ఘనపుటడుగుల నీరు చేరుతుంది. వంద కోట్ల ఘనపుటడుగులను ఒక టి.ఎం.సి. అంటారు. కాబట్టి 11,574 క్యూసెక్కుల ప్రవాహం ఒక రోజు సాగితే సుమారు ఒక టి.ఎం.సి. నీరవుతుంది. ఈ లెక్కన 25 లక్షల క్యూసెక్కుల ఉరవడి ఒక రోజంతా నిలిచి ఉంటే 216 టి.ఎం.సి.లు అవుతుంది. శ్రీశైలం జలాశయానికి 885 అడుగుల మట్టం వద్ద లెక్కకట్టిన నిల్వ సుమారు 215 టి.ఎం.సి.లు. అంటే ఆ ఉరవడి ఒక్క రోజు నిలిచినా, ఖాళీ జలాశయం నిండి పొర్లుతుంది. పదో తరగతి గణితంతో చేయగలిగిన ఈ గుణకారం ఆ వరద భీకరత్వాన్ని ఎన్ని విశేషణాలకన్నా చక్కగా తెలుపుతున్నది.

అయితే నది జలాశయం వలె ఒకచోట నిలిచి ఉండదు. మంత్రాలయం వద్ద ఒక మట్టంలో, సుంకేసుల వద్ద మరొక మట్టంలో, కర్నూలు వద్ద ఇంకొక మట్టంలో ఉంటుంది. అది క్షణక్షణమూ మారుతుంది. ఈ మార్పును వర్ణించే రెండు సమీకరణాలను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు సాఁ వెనాఁ 1871లో ప్రకటించాడు. నీరు నశించదు, పుట్టదు అన్నది మొదటి సమీకరణం సారాంశం. నీటిని ముందుకు నెట్టే వాలుకూ, దానిని అడ్డుకొనే ఒరిపిడికీ మధ్య జరిగే పెనుగులాట రెండవ సమీకరణం సారాంశం. ఈ సమీకరణాలను నిజమైన నదికి కాగితం మీద సూత్రరూపంలో సాధించడం సాధ్యం కాదు. నది వంపులు, లోతులు, ఇసుక మేటలు, ఒడ్డున పెరిగిన తుమ్మ చెట్లు ఏ సూత్రానికీ లొంగవు. అందుచేత ఇంజనీరు మరొక మార్గం తొక్కుతాడు. నదిని ముక్కలు చేస్తాడు.

మగ్గం చెప్పే పాఠం

ఈ ముక్కలు చేసే పద్ధతిని అర్థం చేసుకోవడానికి యెమ్మిగనూరు విద్యార్థి దూరం వెళ్లనక్కరలేదు. పద్మశ్రీ మాచాని సోమప్ప 1938లో నెలకొల్పిన చేనేత సహకార సంఘం వల్ల ఈ ఊరి పేరు దేశమంతటా వినిపించింది. నేతగాడు బట్టను ఎలా రూపొందిస్తాడో చూడండి. పడుగు నిలువుగా సాగుతుంది. నాడె తెచ్చే పేక అడ్డంగా సాగుతుంది. రెండూ కలిసే ప్రతి చోటా ఏ పోగు పైకి రావాలో, ఏ పోగు కిందికి పోవాలో నిర్ణయం జరుగుతుంది. అంచులోని పువ్వు దూరం నుండి వంపులు తిరిగినట్లు కనిపిస్తుంది. దగ్గరగా చూస్తే అందులో వంపు లేదు; చిన్న చిన్న గళ్లే ఉన్నాయి. పోగులు సన్ననైన కొద్దీ, గళ్లు చిన్నవైన కొద్దీ పువ్వు నునుపుగా కనిపిస్తుంది.

సంఖ్యా నమూనాలో జరిగేదీ ఇదే. నదిని పొడవునా గళ్లుగా విభజిస్తారు. ప్రతి గడిలో నీటి మట్టం ఒక అంకె, వేగం మరొక అంకె. ప్రతి గడి తన పక్క గళ్లతో మాత్రమే లావాదేవీ జరుపుతుంది. ఎగువ గడి నుండి కొంత నీరు తీసుకుంటుంది. దిగువ గడికి కొంత ఇస్తుంది. దీనిని పరిమిత భేద పద్ధతి అంటారు. కాలాన్ని కూడా ఇలాగే ముక్కలు చేస్తారు. ఒక్కొక్క ముక్కను కాలపు అడుగు అందాం. ఒక అడుగు తరువాత మరొక అడుగు వేస్తూ, లక్షలాది కూడికలు, గుణకారాలు చేస్తూ నమూనా భవిష్యత్తు వైపు నడుస్తుంది. కంప్యూటరుకు తెలివి లేదు. ఓపిక ఉంది. ఆ ఓపికే దాని శక్తి.

ఒక తొట్టి లెక్క

ఈ నడకను చేతితో ఒకసారి చేసి చూస్తేనే దాని రహస్యం బోధపడుతుంది. ఒక నీటి తొట్టిలో 4 మీటర్ల లోతు నీరు ఉన్నదనుకొందాం. అడుగున తూము తెరిచారు. ఏ క్షణాన ఎంత లోతు ఉంటే, అందులో సగం చొప్పున గంటకు మట్టం తగ్గుతున్నదనుకొందాం. నిజానికి తూము గుండా నీరు పోయే వేగం లోతు వర్గమూలాన్ని అనుసరిస్తుంది. లెక్క సులభం కావడానికి మనం ఆ నిజాన్ని కొంత పక్కన పెట్టాం. ఏ నిజాన్ని ఉంచుకోవాలి, దేనిని విడిచిపెట్టాలి అన్న వివేకమే నమూనా నిర్మాణంలో తొలి మెట్టు.

రెండు గంటల తరువాత మట్టం ఎంత? ఒక్కొక్క గంట చొప్పున అడుగు వేద్దాం. మొదటి గంటలో 4 మీటర్లలో సగం పోయి 2 మీటర్లు మిగులుతుంది. రెండవ గంటలో 1 మీటరు మిగులుతుంది. ఇప్పుడు అరగంట అడుగు వేద్దాం. ప్రతి అరగంటకు ఉన్న నీటిలో నాలుగవ వంతు తగ్గుతుంది. అప్పుడు మట్టాలు వరుసగా 3, 2.25, 1.69, 1.27 మీటర్లు. పావుగంట అడుగు వేస్తే రెండు గంటలకు మిగిలేది 1.37 మీటర్లు. కలన గణితం ద్వారా లభించే ఖచ్చితమైన సమాధానం 1.47 మీటర్లు.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. అడుగు చిన్నదైన కొద్దీ సమాధానం సత్యానికి దగ్గరవుతున్నది. గంట అడుగులో దోషం 0.47, అరగంట అడుగులో 0.21, పావుగంట అడుగులో 0.10. అడుగును సగం చేస్తే దోషం కూడా సుమారుగా సగమవుతున్నది. ఖచ్చితమైన సమాధానం తెలియని సమస్యలలో కూడా, అడుగును సగం చేసి సమాధానం ఎంత కదిలిందో చూస్తే దోషం పరిమాణాన్ని ఊహించవచ్చు. ఇంజనీరుకు ఇది అమూల్యమైన పరీక్ష.

ఇప్పుడు సోమరితనంతో ఐదు గంటల అడుగు వేద్దాం. గంటకు 2 మీటర్ల చొప్పున ఐదు గంటలలో 10 మీటర్లు తగ్గాలి. తొట్టిలో ఉన్నది 4 మీటర్లే. కాబట్టి లెక్క ప్రకారం మిగిలిన లోతు మైనస్ 6 మీటర్లు! మరొక అడుగు వేస్తే తొట్టిలో 9 మీటర్ల నీరు పుట్టుకొస్తుంది. ఆ తరువాత మైనస్ 13.5. తొట్టి ఎండిపోవడానికి బదులు, అంకెలు అటూ ఇటూ ఊగుతూ పెరిగిపోతాయి. దీనిని అస్థిరత అంటారు. కంప్యూటరు ఈ అసంబద్ధ ఫలితాన్ని కూడా ఏ సంకోచమూ లేకుండా, రంగురంగుల చిత్రంగా చూపుతుంది. తొట్టిలో మైనస్ 6 మీటర్ల నీరు ఉండదని చెప్పవలసినది మనిషే.

కూరాంట్, ఫ్రెడ్రిక్స్, లెవీ అనే ముగ్గురు గణితజ్ఞులు 1928లో ఇటువంటి అస్థిరతకు సంబంధించిన ఒక ముఖ్య నియమాన్ని కనుగొన్నారు. సాధారణమైన గళ్ల పద్ధతిలో, ఒక్క కాలపు అడుగులో అల ఒక గడిని మించి దాటిపోకూడదు. నదిలో గడి పొడవు 1,000 మీటర్లు, అల వేగం సెకనుకు 5 మీటర్లు అయితే, కాలపు అడుగు 200 సెకన్లకు మించరాదు. గళ్లను సగం చేస్తే అడుగును కూడా సగం చేయాలి. అప్పుడు పని నాలుగు రెట్లవుతుంది. సూక్ష్మత ఉచితంగా లభించదు.

ఈ ఆలోచన వెనుక చరిత్ర

తెలియని విలువను తెలిసిన విలువల ఆధారంగా మెట్లుమెట్లుగా సమీపించడం మన పూర్వులకు తెలియని విద్య కాదు. బ్రహ్మగుప్తుడు 665లో రచించిన ఖండఖాద్యకంలో, పట్టికలోని రెండు విలువల మధ్య విలువను కనుగొనడానికి భేదాల భేదాలను ఉపయోగించాడు. నేటి పరిమిత భేద పద్ధతికి ఇది దగ్గరి బంధువు. తెలుగులో పదకొండవ శతాబ్దికి చెందిన పావులూరి మల్లన, మహావీరాచార్యుని సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. కావ్యభాష అప్పుడప్పుడే రూపుదిద్దుకొంటున్న కాలంలోనే గణితం కూడా తెలుగులో పలికింది. శాస్త్రం తెలుగులో ఒదగదన్న మాటకు మల్లన వెయ్యేళ్ల క్రితమే సమాధానం చెప్పాడు.

ఆధునిక యుగంలో ఈ విద్యకు సాహసోపేతమైన ఆరంభం చేసినవాడు ఇంగ్లండుకు చెందిన లూయీ ఫ్రై రిచర్డ్‌సన్. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయుధం పట్టడానికి నిరాకరించి, ఫ్రాన్సులో క్షతగాత్రులను మోసే వాహనం నడుపుతూ, తీరిక వేళలలో వాతావరణాన్ని లెక్కించడానికి పూనుకొన్నాడు. 1910 మే 20వ తేదీనాటి వాతావరణాన్ని ఎంచుకొని, మధ్య ఐరోపా మీద ఆరు గంటలలో గాలి పీడనం ఎంత మారుతుందో చేతితో గణించాడు. సమాధానం 145 మిల్లీబార్లు వచ్చింది. వాస్తవంలో ఆ రోజు పీడనం దాదాపు కదలనే లేదు. యుద్ధంలో ఆయన రాతప్రతి కూడా పోయి, కొన్ని నెలల తరువాత బెల్జియంలో బొగ్గు కుప్ప కింద దొరికింది. 1922లో తన గ్రంథాన్ని ప్రకటించినప్పుడు ఆ ఘోర వైఫల్యాన్ని ఆయన దాచలేదు. లెక్క యావత్తును పాఠకుల ముందు ఉంచాడు. అందువల్లనే తరువాతివారు తప్పు ఎక్కడ ఉన్నదో కనుగొనగలిగారు. తొలి కొలతలలోని చిన్న అసమతుల్యతలే అంత పెద్ద తప్పుకు కారణమని తేలింది. 1950లో అమెరికాలో ఎనియాక్ అనే కంప్యూటరు మీద వాతావరణ గణన మొదటిసారి ఫలించింది. ఇరవైనాలుగు గంటల భవిష్యత్తును లెక్కించడానికి దానికి సుమారు ఇరవైనాలుగు గంటలు పట్టింది. అయినా అది విజయమే.

మూలకాల పద్ధతి, ఇద్దరు తెలుగువారు

నీటికి గళ్ల పద్ధతి సరిపోయినా, వంతెన కమాను, విమానపు రెక్క, యంత్రపు చక్రం వంటి వక్ర రూపాలకు చదరపు గళ్లు ఒదగవు. వాటిని త్రిభుజాలుగానో, ఇతర చిన్న ఆకారాలుగానో విభజించి, ప్రతి ముక్క ఎంత వంగుతుందో, ఎంత సాగుతుందో లెక్కించి, ముక్కలన్నిటినీ మాత్రికల ద్వారా తిరిగి కలిపే పద్ధతిని పరిమిత మూలక పద్ధతి అంటారు. కూరాంట్ 1943లో దీనికి బీజం వేశాడు. విమాన నిర్మాణ అవసరాల కోసం 1956లో టర్నర్, క్లఫ్ మొదలైనవారు దీనిని పెంపొందించారు. 1960లో క్లఫ్ దీనికి ప్రస్తుత నామం పెట్టాడు.

ఈ రంగంలో ఇద్దరు తెలుగువారు ప్రపంచ ప్రఖ్యాతి పొందారు. 1945లో వరంగల్లు ప్రాంతంలో జన్మించిన జూనుతుల నరసింహారెడ్డి ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు చదివి, అమెరికాలో డాక్టరేటు పొంది, టెక్సాస్‌లో ఆచార్యులయ్యారు. పరిమిత మూలక పద్ధతిని విద్యార్థులకు పరిచయం చేస్తూ 1984లో ఆయన వెలువరించిన గ్రంథం ఎన్నో దేశాలలో పాఠ్యపుస్తకమైంది. పొరలు పొరలుగా అతికిన పలకల వంపును లెక్కించడానికి ఆయన ప్రతిపాదించిన సిద్ధాంతం ఆయన పేరుతోనే ప్రసిద్ధమైంది. యాంత్రిక శాస్త్రంలో అత్యున్నతమైన టిమొషెంకో పతకం 2019లో ఆయనను వరించింది. రెండవవారు గుడివాడలో 1945లో జన్మించిన అట్లూరి సత్యనాథం. కాకినాడ ఇంజనీరింగు కళాశాలలోనూ, బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలోనూ చదివి, 1969లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో డాక్టరేటు సాధించారు. గళ్లజాలం అవసరం లేకుండానే గణించే పద్ధతులను అభివృద్ధి చేసిన ఆయనకు భారత ప్రభుత్వం 2013లో పద్మభూషణ్ ప్రదానం చేసింది. ఆయన 2023లో కీర్తిశేషులయ్యారు.

తప్పిన లెక్క

1991 ఆగస్టు 23న నార్వే దేశంలో, సముద్రంలో చమురు తీసే వేదిక కోసం నిర్మించిన బ్రహ్మాండమైన కాంక్రీటు పునాది ఒకటి, పరీక్షా సమయంలో పగిలి సముద్రగర్భంలో మునిగిపోయింది. దాని పేరు స్లైప్నర్. ప్రాణనష్టం జరగలేదు; ధననష్టం అపారం. విచారణలో తేలిన కారణం ఆశ్చర్యకరమైనది. గోడలు కలిసే చోట పరిమిత మూలకాలను సరిగా అమర్చనందువల్ల, కోత ఒత్తిడిని కంప్యూటరు 47 శాతం తక్కువగా చూపింది. దానిని నమ్మి గోడలను పలుచగా కట్టారు. కాగితం మీద చేతితో వేసిన ఒక స్థూల గణన ఆ తప్పును ముందే పట్టి ఉండేది.

అందువల్ల ప్రతి నమూనాను ఇంజనీరు రెండు ప్రశ్నలతో పరీక్షించాలి. సమీకరణాలను సరిగా సాధించామా? అసలు సరైన సమీకరణాలనే సాధించామా? మొదటి ప్రశ్నకు సమాధానం గణితంలో దొరుకుతుంది. రెండవ ప్రశ్నకు సమాధానం నేల మీద దొరుకుతుంది. ఆదోని చుట్టుపక్కల నల్లరేగడి వేసవిలో నెర్రెలు విచ్చుతుంది. తొలి వాన నీరు ఆ నెర్రెలలోకి ఇంకిపోతుంది. నేల తడిసి ఉబ్బిన తరువాత నెర్రెలు మూసుకొని, కురిసిన నీరు చాలావరకు వాగులోకి పారుతుంది. ఒకే వాన, ఒకే పొలం; కాని రెండు వేర్వేరు ఫలితాలు. ఈ సంగతి ఇక్కడి రైతుకు చిన్ననాటి నుండి తెలుసు. ఈ సంగతి తెలియని నమూనా ఎంత ఖరీదైన కంప్యూటరు మీద నడిచినా తప్పే చెబుతుంది.

2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర జలాశయం 19వ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకుపోయింది. జలాశయం నిండి ఉంది. ఖరీఫ్ పైరుకు నీరు కావాలి. నీటిని వదిలితే రైతుకు నష్టం. వదలకపోతే మరమ్మతు కష్టం. ఏ మట్టానికి దించాలి, ఎన్ని రోజులు పడుతుంది, దిగువన ఎంత ప్రవాహం భరించగలరు అన్నవన్నీ లెక్కలే. గేట్ల నిపుణులు కన్నయ్యనాయుడు మార్గదర్శకత్వంలో, నీరు ప్రవహిస్తుండగానే, వారం రోజులలోనే తాత్కాలిక గేటును దించి నీటిని నిలిపారు. అక్కడ పనిచేసినది అంకె ఒక్కటే కాదు. దశాబ్దాల అనుభవం కూడా. నమూనా, అనుభవం ఒకదానికొకటి పోటీ కావు. ఒకదాని తప్పును మరొకటి సరిదిద్దాలి.

నేర్చుకొనే క్రమం

ఈ విద్య మహానగరాల విద్యార్థులకే దక్కేదని గ్రామీణ విద్యార్థి నిరుత్సాహపడనక్కరలేదు. దీనికి కావలసిన పునాది ఇంటర్మీడియట్ గణితంలోనే ఉన్నది. మాత్రికలు, అవకలనం, సమాకలనం, అవకల సమీకరణాలు అనే నాలుగు అధ్యాయాలు దీనికి నాలుగు స్తంభాలు. వాటిని మార్కుల కోసం కంఠస్థం చేసినవాడికి అవి పరీక్ష రోజుతో ముగుస్తాయి. అర్థం చేసుకొన్నవాడికి అక్కడే ప్రారంభమవుతాయి.

మొదటి మెట్టు కాగితం, కలం. పైన చెప్పిన తొట్టి లెక్కను వేర్వేరు అడుగులతో స్వయంగా చేయాలి. రెండవ మెట్టు కంప్యూటరులో వరుసలు, నిలువుల పట్టిక. ఒక గడిలో సూత్రం రాసి కిందికి లాగితే, వంద అడుగుల లెక్క క్షణంలో పూర్తవుతుంది. మూడవ మెట్టు ఒక గణన భాష. పైథాన్, ఆక్టేవ్, సైలాబ్ వంటివి రుసుము లేకుండా లభిస్తాయి. నాలుగవ మెట్టు పెద్ద సాధనాలు. ద్రవాల ప్రవాహానికి ఓపెన్‌ఫోమ్, నదుల వరదకు అమెరికా సైనిక ఇంజనీర్ల విభాగం రూపొందించిన హెక్‌రాస్ కూడా ఉచితంగానే దొరుకుతాయి. ఐ.ఐ.టి.లు, భారతీయ విజ్ఞాన సంస్థ కలిసి 2003లో ప్రారంభించిన ఎన్.పి.టి.ఇ.ఎల్. ద్వారా ఆచార్యుల ఉపన్యాసాలను ఇంటి నుండే వినవచ్చు.

చాలామంది విద్యార్థులు మూడు మెట్లను విడిచి నాలుగవ మెట్టు మీదికి దూకుతారు. మీటలు నొక్కితే రంగుల బొమ్మ వస్తుంది. ఆ బొమ్మ వెనుక ఏ సమీకరణం ఉన్నదో, ఏ అడుగు వేశారో, సరిహద్దుల వద్ద ఏమి ఊహించారో చెప్పలేరు. అటువంటి జ్ఞానం తూకం రాళ్లను సరిచూడని తక్కెడ వంటిది. తూచినట్లే కనిపిస్తుంది, ఎంత తూగిందో తెలియదు.

తెలుగు మాధ్యమంలో చదివిన విద్యార్థికి మరొక భయం భాష. ఆంగ్ల పదాల దట్టమైన అడవిలో ఊహ దారి తప్పుతుంది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పారిభాషిక పదకోశాలను ప్రచురించింది. వాటిని దగ్గర ఉంచుకోవాలి. భావాన్ని ముందు మాతృభాషలో పట్టుకొని, తరువాత ఆంగ్ల పదాన్ని దానికి జతపరచాలి. ఆంగ్లం నేర్వనక్కరలేదని దీని అర్థం కాదు. అంతర్జాతీయ గ్రంథాలు చదవడానికి ఆంగ్లం తప్పదు. కాని అర్థం కాని విషయం ఏ భాషలో చదివినా అర్థం కానిదే. పడుగు, పేక, తూము, కాలువ, నెర్రె వంటి మాటలు తెలిసిన విద్యార్థి దగ్గర ఈ శాస్త్రానికి కావలసిన ఊహలు ఇప్పటికే ఉన్నాయి. వాటికి గణితాన్ని చేర్చడమే మిగిలిన పని.

ముగింపు

తుంగభద్ర మళ్లీ ఎండుతుంది, మళ్లీ పొంగుతుంది. ఎల్లెల్సీ చివరి పొలానికి నీరు చేరుతుందా అన్న ప్రశ్న ప్రతి సంవత్సరం తలెత్తుతుంది. ఈ ప్రశ్నలకు సమాధానాలను ఎక్కడో దూరాన ఉన్న నిపుణుడు లెక్కించి పంపవచ్చు. కాని ఏ వాగు ఏ వానకు పొంగుతుందో, ఏ కట్ట ఎక్కడ బలహీనంగా ఉన్నదో కళ్లారా చూసిన ఆదోని, యెమ్మిగనూరు బిడ్డలే ఆ లెక్కను నేర్చినప్పుడు, నమూనాకు నేల తోడవుతుంది. రిచర్డ్‌సన్ వలె తన తప్పును దాచకుండా చూపే నిజాయితీ, నేతగాని వలె ప్రతి పోగునూ సరిచూసే ఓపిక, రైతు వలె నేలను ఎరిగిన వివేకం కలిసినప్పుడే ఈ విద్య సార్థకమవుతుంది. వరద వచ్చే రాత్రి కన్నా ఒక రోజు ముందు దాని అంకె చేతికి అందితే, ఊరు ఒడ్డెక్కుతుంది. విద్యార్థులు ఈ రోజు నేర్చే లెక్కకు అంతకన్నా గొప్ప ఫలం మరొకటి లేదు.

పదాలు – అర్థాలు

అనుకరణ: ఒక సంఘటన నడవడిని కంప్యూటరు మీద అంకెల ద్వారా తిరిగి నడిపించి చూడడం
పరిమిత భేద పద్ధతి: స్థలాన్నీ, కాలాన్నీ గళ్లుగా విభజించి, పక్క గళ్ల విలువల తేడాలతో లెక్కించే పద్ధతి
పరిమిత మూలక పద్ధతి: వస్తువును చిన్న ఆకారాలుగా విభజించి లెక్కించి తిరిగి కలిపే పద్ధతి
అస్థిరత: లెక్కలోని దోషం అడుగు అడుగుకూ పెరిగిపోవడం
పడుగు, పేక: బట్టలోని నిలువు పోగులు, అడ్డపు పోగులు
నెర్రె: ఎండకు నేల విచ్చుకొన్న పగులు
ఉరవడి: ప్రవాహ వేగం, జోరు

ప్రశ్నలు

అ) సంగ్రహ సమాధానాలు రాయండి.
1. 2009 నాటి వరద తీవ్రతను పాఠంలోని అంకెల ఆధారంగా వివరించండి.
2. మగ్గానికీ, సంఖ్యా నమూనాకూ గల పోలికను తెలపండి.
3. స్లైప్నర్ ఉదంతం ఇంజనీర్లకు నేర్పిన పాఠం ఏమిటి?

ఆ) వ్యాసరూప సమాధానం రాయండి.
1. సంఖ్యా నమూనాల విద్యను నేర్చుకొనే క్రమాన్ని, అందులో పాటించవలసిన జాగ్రత్తలను చర్చించండి.

ఇ) చేసి చూడండి.
1. పాఠంలోని తొట్టి లెక్కను నాలుగు గంటల అడుగుతో చేయండి. వరుసగా మూడు అడుగులు వేసి, ఫలితాన్ని ఐదు గంటల అడుగు ఫలితంతో పోల్చండి.
2. మీ ఊరి చెరువుకు లేదా కాలువకు వచ్చే నీరు, పోయే నీరు ఏయే మార్గాలలో సాగుతాయో పెద్దలను అడిగి తెలుసుకొని, ఒక నీటి పద్దు తయారుచేయండి.